ఓడలో జంట గదులు: ఒక తలుపు చుట్టూ ఎంత లెక్క!

ఇంట్లో బీరువా అడ్డంగా ఉందనిపిస్తే నలుగురం కలిసి పట్టుకుని పక్కకు జరుపుతాం. పండక్కి చుట్టాలొస్తే మంచాలు గోడకు నిలబెట్టి చాపలు పరుస్తాం. ఇల్లు మన మాట వింటుంది. సముద్రం మీద ప్రయాణించే ఓడలోని గది మాత్రం అలా వినదు. అక్కడ బల్ల ఎక్కడుండాలో, మంచం తల ఎటుండాలో, సోఫా ఎంత పొడవుండాలో ఓడ కట్టకముందే కాగితం మీద తేలిపోతుంది. తర్వాత జరపడానికి చోటూ ఉండదు, చాలా వస్తువులకు కదిలే వీలూ ఉండదు.

విహారయాత్రలకు వెళ్ళే పెద్ద ఓడలను క్రూయిజ్ ఓడలు అంటారు. వాటిలో ప్రయాణికుల గదిని క్యాబిన్ అంటారు. పక్కపక్కనే ఉన్న రెండు క్యాబిన్ల మధ్య గోడలో తలుపు ఉంటే, అవి జంట గదులు. అమ్మానాన్నలు ఒక గదిలో, పిల్లలు పక్క గదిలో, లేదా నాయనమ్మ, తాతయ్య ఒక గదిలో, మిగిలినవాళ్ళు రెండో గదిలో ఉండి, బయటి నడవాలోకి రాకుండానే అటూ ఇటూ తిరగవచ్చు. విశాఖపట్నం ఓడరేవులో 2023లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. కాబట్టి ఈ ఓడలు మనకు సినిమాల్లో చూసే దూరపు వింత కాదు. రేపు మనలో ఎవరైనా వాటిలో ప్రయాణించవచ్చు, ఎవరైనా వాటిని గీయవచ్చు కూడా.

చూడటానికి చిన్న విషయమే. గోడకు ఒక తలుపు పెట్టడం ఎంత పని? కానీ ఆ ఒక్క తలుపు వల్ల రెండు గదుల్లోని ఫర్నిచర్ అంతా మళ్ళీ అమర్చుకోవలసి వస్తుంది. ఎందుకో, ఎలాగో చూద్దాం.

గది సన్నగా, పొడవుగా ఎందుకుంటుంది?

ఓడకు రెండు వైపులా సముద్రం ఉంటుంది. ప్రయాణికులు ఎక్కువమంది కోరుకునేది కిటికీ, లేదా బాల్కనీ. కానీ ఓడ పొడవు ఎంతో, కిటికీలకు దొరికే చోటూ అంతే. ఉన్న పొడవులో వీలైనన్ని గదులకు సముద్రం కనిపించాలంటే ఒక్కో గది వెడల్పు తగ్గించాలి. అందుకే గది సన్నగా ఉంటుంది. వెడల్పులో పోగొట్టుకున్నది పొడవులో రాబట్టుకోవాలి. అందుకే అది నడవా నుంచి సముద్రం వైపుకు పొడవుగా సాగుతుంది. మన ఊళ్ళలో మెయిన్ రోడ్డు మీద దుకాణాలు సన్నటి ముఖంతో, లోపలికి పొడవుగా ఉంటాయి కదా, ఇదీ ఆ లెక్కే.

లోపలికి అడుగు పెట్టగానే ఒక పక్క స్నానాల గది, ఇంకో పక్క బట్టల బీరువా ఉంటాయి. అవి దాటాక మంచం, ఆ తర్వాత సోఫా, దాని ఎదురుగా బల్ల, చివరన బాల్కనీ తలుపు. కొన్ని గదుల్లో సోఫా ముందు, మంచం బాల్కనీ వైపు ఉంటాయి. చాలా ఓడల్లో మంచం నిజానికి రెండు మంచాలే. కలిపితే దంపతులకు, విడదీస్తే ఇద్దరు పిల్లలకు. సోఫా రాత్రికి పడకగా మారుతుంది. కొన్ని గదుల్లో రైలు బెర్తులాంటి పై పడక గోడలోనో పైకప్పులోనో ముడుచుకుని ఉంటుంది. దాన్ని పుల్‌మన్ బెర్త్ అంటారు. ఖాళీ సూట్‌కేసులు మంచం కిందికి పోతాయి.

స్కేలు పట్టుకుని కొలుద్దాం

లెక్క కోసం ఒక గదిని ఊహించుకుందాం. వెడల్పు 2.7 మీటర్లు, పొడవు 6.2 మీటర్లు. వైశాల్యం 16.74 చదరపు మీటర్లు, అంటే సుమారు 180 చదరపు అడుగులు. బాల్కనీ గదులు చాలా ఓడల్లో దాదాపు ఈ పరిమాణంలోనే ఉంటాయి.

ముందు భాగంలో 2 మీటర్లు స్నానాల గదికి, బీరువాకు పోయాయనుకుందాం. మిగిలింది 4.2 మీటర్ల పొడవు, 2.7 మీటర్ల వెడల్పు. ఒక పక్క గోడను 'అ' అందాం, ఎదుటి గోడను 'ఆ' అందాం.

'అ' గోడకు మంచం తల ఆనించి ఉంది. మంచం 1.8 మీటర్ల వెడల్పు. దానికి అటూ ఇటూ 0.3 మీటర్ల చిన్న బల్లలు. మొత్తం 2.4 మీటర్లు. ఆ పక్కనే 1.8 మీటర్ల సోఫా. 2.4, 1.8 కలిపితే 4.2. గోడ సరిగ్గా నిండిపోయింది.

ఇప్పుడు 'ఆ' గోడ. మంచం పొడవు 2 మీటర్లు. గది వెడల్పు 2.7 మీటర్లు. అంటే మంచం కాళ్ళ వైపు నడవడానికి మిగిలింది 0.7 మీటర్లు మాత్రమే. అక్కడ గోడకు పల్చటి టీవీ తగిలించవచ్చు గానీ బల్ల వేయలేం. వేస్తే మనిషి పట్టడు. కాబట్టి బల్ల సోఫాకు ఎదురుగానే రావాలి. సోఫా లోతు 0.8 మీటర్లు అనుకుంటే దాని ముందు 1.9 మీటర్ల ఖాళీ ఉంటుంది. అక్కడ 'ఆ' గోడ పొడవు 1.8 మీటర్లు. 1.5 మీటర్ల బల్ల, దాని కింద సొరుగులు, మీద అద్దం, ముందు ఒక కుర్చీ హాయిగా పడతాయి.

తలుపు ఎక్కడ పెట్టాలి?

ఇక మధ్య తలుపు తెద్దాం. తలుపు రెక్క వెడల్పు 0.75 మీటర్లు. ద్వారబంధంతో కలిపితే 0.85 మీటర్లు.

మొదటి ఆలోచన: మంచం కాళ్ళకు ఎదురుగా పెడితే? అక్కడ ఖాళీ 0.7 మీటర్లు. రెక్క 0.75 మీటర్లు. తలుపు తెరుచుకునేటప్పుడు మంచానికి తగులుతుంది. కుదరదు.

రెండో ఆలోచన: మంచం ఉన్న 'అ' గోడలో పెడితే? ఆ గోడ పూర్తిగా నిండి ఉంది. 0.85 మీటర్లు కావాలంటే 1.8 మీటర్ల సోఫా 0.95 మీటర్లకు తగ్గాలి. అప్పుడది సోఫా కాదు, వెడల్పాటి కుర్చీ. దాని మీద ఎవరూ పడుకోలేరు.

మూడో ఆలోచన: సోఫాకు ఎదురుగా, 'ఆ' గోడలో. అక్కడ తలుపు తెరుచుకోవడానికి జాగా ఉంది. కానీ 1.8 మీటర్లలో 0.85 తలుపుకు పోతే బల్లకు మిగిలేది 0.95 మీటర్లే. బల్ల మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. దాంతో పాటు సొరుగులూ తగ్గుతాయి.

నాలుగో ఆలోచన: ముందు భాగంలో, బీరువా ఉన్న చోట. అప్పుడు బల్ల, సోఫా, మంచం అన్నీ క్షేమం. కానీ బీరువా చిన్నదవుతుంది. పైగా బయటి తలుపు, స్నానాల గది తలుపు, బీరువా తలుపు, ఈ మధ్య తలుపు నాలుగూ ఒకే ఇరుకు చోటులో తెరుచుకోవాలి. ఒకటి తీస్తే ఇంకొకటి తగలకుండా చూసుకోవాలి.

చూశారా? ఊరికే వచ్చే తలుపు లేదు. సోఫానో, బల్లనో, బీరువానో ఏదో ఒకటి మూల్యం చెల్లిస్తుంది. ఒకే ఓడలో ఒకే ధరకు దొరికే రెండు గదుల్లో ఒకదానికి పెద్ద సోఫా ఉండి, మధ్య తలుపు ఉన్న రెండోదానికి చిన్న సోఫా ఉండటానికి కారణం ఇదే.

తలుపు రెక్క తిరిగే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. రెక్క 90 డిగ్రీలు తెరుచుకుంటే నేల మీద పావు వృత్తం గీస్తుంది. దాని వైశాల్యం πr² లో నాలుగో వంతు. r = 0.75 మీటర్లు అయితే అది 0.44 చదరపు మీటర్లు. ఆ పావు వృత్తంలో కుర్చీ గానీ, సూట్‌కేసు గానీ ఉండకూడదు. రెక్క ఒక గదిలోకే తెరుచుకుంటుంది కాబట్టి రెండో గదికి నష్టం లేదనుకోవద్దు. ఆ గదిలో కూడా తలుపు ముందు ఏమీ పెట్టలేం. పెడితే దారి ఉండదు.

పై పడకతో ఇంకో చిక్కు ఉంది. పై పడక దించితే అది మనిషి తల ఎత్తుకు కాస్త కిందుగా నిలుస్తుంది. తలుపు రెక్క అంతకన్నా ఎత్తు. కాబట్టి తలుపు తిరిగే చోట పై పడక దించితే ఒకదానికొకటి తగులుతాయి. అందుకే ఒక్కో చోట మధ్య తలుపు ఉన్న గదిలో పక్క గది కన్నా ఒక పడక తక్కువ ఉంటుంది. నలుగురు ఒక గదిలో సర్దుకుందామనుకున్న కుటుంబం ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

అద్దంలో బొమ్మలా పక్క గది

గణితంలో ప్రతిబింబ సౌష్ఠవం చదువుకున్నాం. దాన్ని కళ్ళారా చూడాలంటే ఓడ గదుల పటం చూడాలి. పక్కపక్క గదులు చాలా ఓడల్లో అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. ఒకదానిలో స్నానాల గది కుడి పక్కన ఉంటే, పక్కదానిలో ఎడమ పక్కన ఉంటుంది. అప్పుడు రెండు స్నానాల గదులూ వీపుకు వీపు ఆనించి నిలబడతాయి. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు రెండింటికీ ఒకే సందులో పోతాయి. పని తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, మరమ్మతు తేలికవుతుంది.

జంట గదులకు ఇది మేలు చేస్తుంది. మన లెక్కలోని 'ఆ' గోడ రెండు గదులకూ మధ్య గోడ అయితే, రెండు వైపులా తలుపు సరిగ్గా సోఫాకు ఎదురుగానే వస్తుంది. రెండు గదుల్లోనూ కూర్చునే చోట్లు తలుపు పక్కనే ఉంటాయి, మంచాలు దూరంగా ఉంటాయి. చిన్న పాప నిద్రపోతుంటే అన్నయ్య ఈ గది నుంచి ఆ గదికి వెళ్ళడానికి మంచం పక్క నుంచి నడవక్కర్లేదు. తలుపు తీసి ఉంచితే రెండు సోఫాల మధ్య ఒక చిన్న హాలు ఏర్పడినట్లు ఉంటుంది.

మరో విషయం. ఇప్పటి పెద్ద ఓడల్లో చాలా గదులను ఓడలో కట్టరు. ఫ్యాక్టరీలో పెట్టెల్లా తయారుచేసి, స్నానాల గది, దీపాలు, బీరువాతో సహా తెచ్చి ఓడలోకి తోసి బిగిస్తారు. ఫిన్లాండ్‌లోని టుర్కు నౌకా నిర్మాణ కేంద్రంలో తయారై 2024 జనవరిలో తొలి యాత్ర చేసిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' ఓడలో ప్రయాణికుల గదులు 2,805. ఇన్ని గదులు ఒక్కొక్కటిగా లోపల కడుతూ కూర్చుంటే ఎన్నేళ్ళు పట్టేదో! కానీ ఈ పద్ధతిలో ఒక నియమం ఉంది. ఏ రెండు గదుల మధ్య తలుపు కావాలో ముందే నిర్ణయించాలి. రెండు పెట్టెల్లోని ద్వారబంధాలు సరిగ్గా ఎదురెదురుగా రావాలి. ఓడ బయలుదేరాక 'మాకు ఇక్కడ ఒక తలుపు పెట్టండి' అంటే కుదరదు.

ఊగే ఇంట్లో సామాన్లు

ఓడ నిలకడగా ఉండదు. పక్కలకు ఒరుగుతుంది, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇప్పటి ఓడలకు ఊపు తగ్గించే రెక్కలు నీటి కింద ఉంటాయి గానీ గాలివాన రోజున కుదుపు తప్పదు. అందుకే బీరువా, బల్ల, టీవీ గోడకు బిగించి ఉంటాయి. సొరుగులు వాటంతటవే తెరుచుకోకుండా గడియలుంటాయి. అంచులు గుండ్రంగా ఉంటాయి. పడబోయిన మనిషి పట్టుకోవడానికి స్నానాల గదిలో కడ్డీలుంటాయి.

మంచం ఎటు ఉండాలన్నదీ ఆలోచించదగ్గదే. మన లెక్కలోని గది నడవా నుంచి సముద్రం వైపుకు, అంటే ఓడకు అడ్డంగా ఉంది. మంచం తల పక్క గోడకు ఆని ఉంది. కాబట్టి పడుకున్న మనిషి ఓడ పొడవు దిశలో పడుకుంటాడు. ఓడ పక్కలకు ఒరిగితే అతను ఊయలలో బిడ్డలా అటూ ఇటూ ఒరుగుతాడు. మంచం అడ్డ దిశలో ఉంటే ఒకసారి తల పైకి, ఒకసారి కాళ్ళు పైకి లేస్తాయి.

ఊగే ఓడలో తెరిచి ఉన్న తలుపు ప్రమాదకరం. దానంతటది ఊగి చిన్నపిల్లల వేళ్ళు నలిపేస్తుంది. అందుకే మధ్య తలుపును పూర్తిగా మూసైనా ఉంచాలి, లేదా దానికి అమర్చిన కొక్కెంతో గట్టిగా పట్టించైనా ఉంచాలి. సగం తెరిచి వదిలేయకూడదు.

అసలు శత్రువు నిప్పు

ఓడ అనగానే మునుగుతుందేమోనని భయపడతాం. ఓడ నడిపేవాళ్ళు అంతకన్నా ఎక్కువ భయపడేది నిప్పుకు. ఊళ్ళో ఇల్లు అంటుకుంటే బయటికి పరుగెత్తుతాం. నడిసముద్రంలో బయట ఏముంది?

1912లో టైటానిక్ మునిగిన తర్వాత ప్రపంచ దేశాలు కలిసి 1914లో సముద్రంలో ప్రాణరక్షణకు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని సోలాస్ అంటారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 1974 నాటి రూపం, ఎన్నో సవరణలతో. ఆ ఒప్పందంలోని నియమాలు మంచాల వరకూ, బల్లల వరకూ వస్తాయి. గదిలో మంటల ప్రమాదం తక్కువని లెక్కించాలంటే బీరువా, బల్ల, సొరుగుల పెట్టె వంటివి మండని పదార్థంతోనే చేయాలి. పైన అందం కోసం అంటించే చెక్క పొర మందం 2 మిల్లీమీటర్లు దాటకూడదు. కుర్చీలు, సోఫాల చట్రాలు మండని పదార్థంతో ఉండాలి. కాబట్టి మనం టేకు బల్ల అనుకుని చేత్తో తట్టేది చాలాసార్లు లోహపు పలకే. గోడలు కూడా రేకు పలకలే, మధ్యలో రాతి ఉన్ని ఉంటుంది. అందుకే ఓడ గది గోడకు అయస్కాంతం అంటుకుంటుంది!

గదుల మధ్య గోడలకూ పరీక్ష ఉంది. 'బి' తరగతి గోడ అంటే ప్రామాణిక అగ్ని పరీక్షలో మొదటి అరగంట మంటను అవతలికి పోనివ్వకూడదు. అలాంటి గోడకు మనం తలుపు కోసం కన్నం పెడుతున్నాం. కాబట్టి తలుపు కూడా గోడతో సమానంగా మంటకు తట్టుకోవాలి. అందుకే ఆ తలుపు బరువుగా, గట్టిగా ఉంటుంది. మన ఇళ్ళలోని పల్చటి ప్లైవుడ్ తలుపు అక్కడ పనికిరాదు. ఇక ఓడను పొడవునా సాధారణంగా 40 మీటర్లకు మించని నిలువు భాగాలుగా విభజిస్తారు. ఒక భాగం అంటుకున్నా పక్క భాగానికి పాకకుండా ఆ సరిహద్దు గోడలు ఇంకా బలంగా ఉంటాయి.

ఈ నియమాలు ఊరికే రాలేదు. 1990 ఏప్రిల్‌లో నార్వే నుంచి డెన్మార్క్ వెళ్తున్న 'స్కాండినేవియన్ స్టార్' అనే ఓడలో మంటలు లేచి 150 మందికి పైగా మరణించారు. వాళ్ళలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. గోడల మీద అంటించిన పొరలు కాలి విషవాయువు పుట్టింది. ఆ తర్వాత పాత ప్రయాణికుల ఓడల్లో కూడా పొగను పసిగట్టే పరికరాలు, నీళ్ళు చల్లే ఏర్పాట్లు ఉండాలని నియమాలు బిగించారు. 2006 మార్చిలో 'స్టార్ ప్రిన్సెస్' అనే ఓడలో బాల్కనీ నుంచి మంటలు లేచాయి. బాల్కనీల మధ్య ఉన్న ప్లాస్టిక్ అడ్డుగోడల వల్ల గది నుంచి గదికి పాకాయి. అంతవరకూ గది లోపలి ఫర్నిచర్ మీద ఉన్న శ్రద్ధ బాల్కనీ కుర్చీల మీద లేదు. 2008 నుంచి బాల్కనీలోని అడ్డుగోడలకూ, ఫర్నిచర్‌కూ కూడా నియమాలు వచ్చాయి.

అంటే ఒక కుర్చీ దేనితో చేశారన్న చిన్న ప్రశ్న వెనుక మనుషుల ప్రాణాలున్నాయి. నడవాలోకి తెరుచుకునే గది తలుపు దానంతటదే మూసుకునేలా ఉండాలనీ, దాన్ని తెరిచి పట్టి ఉంచే కొక్కేలు ఉండకూడదనీ కూడా నియమం ఉంది. కొందరు గాలి కోసమో, పిల్లలు తిరుగుతారనో ఆ తలుపుకు చెప్పో, కుర్చీనో అడ్డం పెడతారు. అది చేయకూడని పని. పిల్లలు అటూ ఇటూ తిరగాలంటే దానికే మధ్య తలుపు ఉంది. ఆ దారికి అడ్డంగా సూట్‌కేసులు పేర్చకూడదు. నడవాలో పొగ నిండి ఒక గది తలుపు తీయలేని పరిస్థితిలో, పక్క గదిలోని పిల్లల దగ్గరికి చేరడానికి ఆ మధ్య దారే ఆధారం కావచ్చు.

తలుపు లేకుండా కలపడం ఎలా?

గోడకు తలుపు పెడితే బల్లో, సోఫానో పోతుంది కదా. దానికి కొందరు రూపకర్తలు వేరే ఉపాయాలు ఆలోచించారు.

మొదటిది వాకిలి పద్ధతి. రెండు మూడు గదుల బయటి తలుపుల ముందు ఒక చిన్న వసారా పెట్టి, ఆ వసారాకు నడవా వైపు ఒక ఉమ్మడి తలుపు పెడతారు. ఉమ్మడి తలుపు వేసుకుంటే లోపల గదులన్నీ ఒకే ఇల్లు. మన ఊళ్ళలో ఒకే వాకిట్లోకి తెరుచుకునే అన్నదమ్ముల వాటాల్లాంటిది. 2014లో వచ్చిన 'క్వాంటమ్ ఆఫ్ ది సీస్' ఓడలో ఇలాంటి గదులున్నాయి. ఇందులో గదుల మధ్య గోడ చెక్కుచెదరదు. ఫర్నిచర్ ఎక్కడిదక్కడే ఉంటుంది. పోయేదల్లా నడవా దగ్గర కాస్త జాగా.

రెండోది బాల్కనీ పద్ధతి. రెండు బాల్కనీల మధ్య అడ్డు పలకను సిబ్బంది తాళంతో తీసి మడిచిపెడతారు. పగటిపూట కలిసి కూర్చోవడానికి బాగుంటుంది. కానీ రాత్రి చిన్నపిల్లలు బాల్కనీ మీదుగా తిరగడం క్షేమం కాదు కాబట్టి ఇది మధ్య తలుపుకు సాటి రాదు.

మూడోది, రెండు గదులు తీసుకోకుండా ఒకే గదిని కుటుంబానికి తగ్గట్టు మార్చడం. 1998లో ప్రయాణాలు మొదలుపెట్టిన 'డిస్నీ మ్యాజిక్' ఓడలో చాలా గదులకు స్నానాల గదిని రెండుగా విడగొట్టారు. ఒకదానిలో మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే తొట్టి. రెండోదానిలో స్నానం, ఇంకో తొట్టి. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు పళ్ళు తోముకోవచ్చు. మంచానికీ సోఫాకూ మధ్య ఒక తెర ఉంటుంది. పిల్లలు ఇటు నిద్రపోతే పెద్దలు అటు దీపం వేసుకోవచ్చు. ఉదయం బడికి తయారయ్యేటప్పుడు ఒకే స్నానాల గది కోసం కొట్టుకునే ఇళ్ళ వాళ్ళకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

చక్రాల కుర్చీకి దారి

జంట గదులు అందరికన్నా ఎక్కువ అవసరమయ్యేది ఒకరి సాయం కావలసిన వాళ్ళకు. చక్రాల కుర్చీ వాడే తాతయ్య ఒక గదిలో, రాత్రి పిలిస్తే పలికే మనిషి పక్క గదిలో ఉండాలి. అక్కడ లెక్క మారిపోతుంది. చక్రాల కుర్చీ ఒక్కచోట గుండ్రంగా తిరగాలంటే సుమారు 1.5 మీటర్ల వ్యాసం ఉన్న వృత్తం ఖాళీగా ఉండాలి. మన లెక్కలోని గదిలో అలాంటి వృత్తం సోఫా ముందు మాత్రమే పడుతుంది. మంచం పక్కన 0.7 మీటర్ల దారిలో కుర్చీ ఇరుక్కుంటుంది. తలుపు రెక్క ఆ వృత్తంలోకే తెరుచుకుంటే అదీ పోతుంది.

అందుకే ఇలాంటి ప్రయాణికుల కోసం వేరుగా వెడల్పాటి గదులు కడతారు. వాటిలో గడప ఎత్తు ఉండదు, తలుపులు వెడల్పుగా ఉంటాయి, బీరువా కడ్డీ కూర్చున్న మనిషికి అందే ఎత్తులో ఉంటుంది. అలాంటి గదికి మధ్య తలుపు ఉండటం సౌకర్యం మాత్రమే కాదు, ఆ పెద్దాయన ప్రయాణం చేయగలరా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉండవచ్చు. ఓడలో ఇవి కొన్నే ఉంటాయి. అవసరం లేనివాళ్ళు విశాలంగా ఉన్నాయని వాటిని తీసుకుంటే అవసరమైనవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు.

ఇంట్లో పెద్దలకు చెప్పవలసిన నాలుగు మాటలు

ఒకటి: ఓడ పటంలో జంట గదులను చిన్న గీతతోనో, బాణం గుర్తుతోనో చూపిస్తారు. పక్కపక్క గదులన్నీ జంట గదులు కావు. 'పక్క గది ఇస్తాం' అన్న మాటకూ 'మధ్య తలుపు ఉన్న గది ఇస్తాం' అన్న మాటకూ తేడా ఉంది.

రెండు: ఒంటరిగా లేదా ఇద్దరే ప్రయాణిస్తుంటే మధ్య తలుపు లేని గది మేలు. తలుపుకు తాళం వేసే ఉంటుంది, పక్కవాళ్ళు రాలేరు. కానీ గోడ ఆపినంతగా తలుపు చప్పుడును ఆపదు. పైగా మీకు అక్కర్లేని తలుపు వల్ల బల్ల చిన్నదవుతుంది.

మూడు: గదిలో పడకలు నాలుగున్నా నలుగురికి ఇస్తారన్న హామీ లేదు. ఓడలో ప్రతి భాగానికీ ప్రాణరక్షక పడవల్లో ఇంతమందికే చోటని లెక్క ఉంటుంది. ఆ లెక్క నిండితే పడక ఖాళీగా ఉన్నా ఇవ్వరు. ఇక్కడ పడక కన్నా పడవ ముఖ్యం.

నాలుగు: గదిలోకి చేరగానే మొదట చూడవలసింది బాల్కనీ కాదు. తలుపు వెనుక అంటించిన పటం. నడవాలో ఎటు వెళ్తే మెట్లు, ఎక్కడ గుమికూడాలి, ప్రాణరక్షక చొక్కాలు ఎక్కడున్నాయి అన్నవి రెండు గదులవాళ్ళూ విడివిడిగా తెలుసుకోవాలి. 2012లో ఇటలీ తీరంలో 'కోస్టా కాంకార్డియా' ఓడ ఒరిగిపోయి 32 మంది చనిపోయిన తర్వాత, ఈ శిక్షణ ఓడ బయలుదేరకముందే లేదా బయలుదేరిన వెంటనే ఇవ్వాలని నియమం చేశారు.

మీరూ గీయండి

గ్రాఫ్ కాగితం తీసుకోండి. 1 సెంటీమీటరు అర మీటరుకు సమానమనుకోండి. 2.7 × 6.2 మీటర్ల గదులు రెండు, పక్కపక్కన, అద్దంలో బొమ్మల్లా గీయండి. అట్టముక్కలతో మంచం, సోఫా, బల్ల, బీరువా అదే కొలతలో కత్తిరించండి. వృత్తలేఖినితో తలుపు పావు వృత్తం గీయండి. ఇప్పుడు అట్టముక్కలు జరుపుతూ చూడండి. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ – ఐదుగురికీ పడక, నడిచే దారి, రెండు తలుపులకూ అడ్డులేని చోటు దొరకాలి. ఒకసారి మంచం బాల్కనీ వైపు పెట్టి, ఒకసారి స్నానాల గది వైపు పెట్టి పోల్చండి. ఒక్క గంటలో వైశాల్యం, నిష్పత్తి, సౌష్ఠవం మూడూ చేతికి వస్తాయి.

ఈ పని నచ్చితే దాన్నే చదువుగా ఎంచుకోవచ్చు. ఓడలు రూపొందించే విద్యను నేవల్ ఆర్కిటెక్చర్ అంటారు. మద్రాసు, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో, కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో, విశాఖపట్నంలో ఉన్న ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణంలో దీన్ని బోధిస్తున్నారు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' అనే ఓడ సముద్రంలోకి దిగింది కూడా విశాఖ నుంచే.

మంచి రూపకల్పన అంటే ఖరీదైన సోఫా కాదు, మెరిసే అద్దం కాదు. గదిలో ఎవరు ఉంటారు, రాత్రి ఎవరు లేస్తారు, ఆపద వస్తే ఎవరు ఎవరి దగ్గరికి పరుగెత్తాలి అని ముందుగా ఆలోచించడం. జంట గదుల మధ్య ఉన్న తలుపు కోసం బల్ల కాస్త చిన్నదైంది, సోఫా కాస్త తగ్గింది. నాయనమ్మ పిలిస్తే మనవరాలికి వినబడుతుంది. ఆ లెక్క సరిపోయినట్టే.